కదలని వారికే పెళ్లి పత్రం

మంచి సలహా ఇచ్చేటప్పుడు కాస్త ముందూ వెనకా చూసుకోవాలి. చెడ్డ సలహాతో అంత ప్రమాదం లేదు, దాన్ని ఎవరూ పాటించరు. మంచి సలహా అలా కాదు. అది ఎప్పుడో ఒకప్పుడు ఒక ప్రభుత్వ కార్యాలయం చేతిలో పడుతుంది.

పెదరేవు జూనియర్ కళాశాలలో ఫిజిక్స్ చెప్పే మంజీర ఇచ్చినవన్నీ మంచి సలహాలే. సైన్సు ప్రదర్శన కోసం ఆమె పిల్లల చేత బిస్కెట్ డబ్బాలతో పిన్‌హోల్ కెమెరాలు చేయించింది. లెన్సు లేదు, బ్యాటరీ లేదు, నొక్కడానికి బటను కూడా లేదు. డబ్బాకు ముందు సూదిమొనంత బెజ్జం, వెనక ఒక ఫోటో కాగితం. బెజ్జం మీది నల్ల టేపు ఎత్తి, కాసేపాగి మూసేస్తే చాలు, ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టు వచ్చి కాగితం మీద నలుపు తెలుపులు తారుమారై వాలుతుంది. దాన్ని ఇంకో కాగితం మీదికి అచ్చు తీస్తే ఉన్నదున్నట్టు ఫోటో. మొదటి కొబ్బరిచెట్టు రసాయనాల తొట్టిలో మెల్లగా తేలి వస్తుంటే మంజీర సంతోషం పట్టలేకపోయింది. ఆ ఊపులోనే ఒక కాగితానికి రెండు వైపులా "పిన్‌హోల్ ఫోటో బాగా రావాలంటే" అని సూచనలు రాసి ప్రదర్శనలో పంచింది.

కూల్‌డ్రింకు డబ్బా రేకును గరుకు కాగితంతో పలచగా రుద్ది, సూదితో గుండ్రంగా పొడవాలి. డబ్బా లోపలంతా నల్లరంగు వేయాలి. ఎక్కడినుంచీ దొంగ వెలుతురు చొరబడకూడదు. కెమెరాను గట్టి ఆధారానికి కట్టాలి. బొమ్మ తలకిందులుగా పడుతుంది, కంగారు పడవద్దు. కదిలేవేవీ ఫోటోలో పడవు, కాబట్టి కదలవద్దు. బెజ్జం ఎంత చిన్నదైతే బొమ్మ అంత తేటగా వస్తుంది. ఇక్కడికి మొదటి వైపు అయిపోయింది. "అయితే మరీ చిన్నదైతే వెలుగు అంచుల దగ్గర చెదిరిపోయి బొమ్మ మళ్లీ మసకబారుతుంది. దేనికైనా ఒక హద్దు ఉంది" అన్న మాట చోటు చాలక రెండో వైపుకు వెళ్లింది.

ఆ ప్రదర్శనకు ముఖ్య అతిథిగా వచ్చినవారు సబ్ రిజిస్ట్రార్ అనంతపద్మనాభం గారు. అంతకు ముందు నెలలోనే ఆయన కార్యాలయంలో ఒక చిక్కొచ్చింది. నమోదైన ఒక పెళ్లిలో వరుడు ఆ రోజున మస్కట్‌లో ఉన్నాడు. ఎవరో సెల్‌ఫోనులో అతని తల తీసుకొచ్చి బావమరిది భుజాల మీద అతికించారు. అప్పటినుంచీ ఆయనకు ఏ ఫోటో చూసినా మెడ దగ్గర అనుమానం.

"ఇందులో అబద్ధం చెప్పడానికి ఎక్కడ వీలుందమ్మా?" అని బిస్కెట్ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశారు.

"వీలు లేదండి. వెలుగు నేరుగా వచ్చి పడుతుందంతే."

"నేరుగా" అన్న మాటను ఆయన రెండుసార్లు నెమరు వేసుకున్నారు. ఆయన శాఖలో ఏదైనా నేరుగా వచ్చి పడటం ఆయన అంతవరకూ వినలేదు. ఆ కాగితం ఒకటి అడిగి పట్టుకెళ్లారు. కార్యాలయంలో అటెండరు సత్తిబాబు దాన్ని జిరాక్సు తీయించాడు, ఒక వైపే.

ఆ తరువాత మంజీరకు పెళ్లయింది. వరుడు కిరీటి ఉద్యానవన శాఖలో అధికారి, రాయచోటి దగ్గర మామిడితోటలు చూస్తాడు. పెదరేవుకూ రాయచోటికీ మధ్య ఒక రాత్రంతా రైలు, ఆ పైన బస్సు. పెళ్లయి నెల దాటినా వాళ్లిద్దరూ కలిసి గడిపింది సెలవులు కలిసొచ్చిన కాసిని రోజులే. ఆ కాసిని రోజుల్లో ఒకే కంచంలో తిన్నారు, ఒకే గొడుగులో తడిశారు, కొత్త కుక్కరు మొదటి విజిల్ వేస్తే ఇద్దరూ పరిగెత్తుకెళ్లి చూశారు. నలుగురిలో ఆమె అతన్ని "ఏవండీ" అంటుంది, ఎవరూ లేనప్పుడు "కిరీటీ" అంటుంది. ఆ రెండు పిలుపుల మధ్య తేడా ఇద్దరికీ ఇంకా నవ్వు తెప్పిస్తూనే ఉంది.

భార్యాభర్తల కోటాలో బదిలీల కౌన్సెలింగు శుక్రవారం పెట్టారు. పెళ్లి నమోదు పత్రం చూపిస్తే కిరీటికి పెదరేవు దగ్గరలో చోటు దొరుకుతుంది. లేకపోతే మళ్లీ ఏడాదిదాకా రైలే. శుభలేఖ చూపిస్తే సరిపోతుందా అని ఫోను చేసి అడిగితే, భోజనాలు ఎక్కడో చెప్పడానికి తప్ప శుభలేఖ ఎందుకూ పనికిరాదన్నారు.

సోమవారం పొద్దున్నే పట్టుబట్టలు కట్టుకుని ఇద్దరూ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లారు. మెట్లెక్కగానే మంజీర ఆగిపోయింది. గోడ మీద ఎర్రరంగుతో పెద్దపెద్ద అక్షరాలు. "కదిలేవేవీ ఫోటోలో పడవు, కాబట్టి కదలవద్దు." దాని కింద, "దొంగ వెలుతురు చొరబడకూడదు." కిందన "ఆదేశానుసారం" అని ఉంది.

"ఏవండీ, ఇది నేను రాసిందే" అంది భర్త మోచెయ్యి పట్టుకుని.

"గోడలెక్కిన రచయిత్రివని పెళ్లిచూపుల్లో చెప్పలేదే" అన్నాడు కిరీటి.

మంజీరకు అప్పటికి సంతోషమే తప్ప మరేమీ తోచలేదు. తన వాక్యాన్ని ఒక కార్యాలయం గోడకు రాసుకుంది. ఫిజిక్స్ లెక్చరర్ల జీవితంలో ఇలాంటివి ఎన్నోసార్లు రావు.

అనంతపద్మనాభం గారు ఆమెను గుర్తుపట్టి లేచి నిలబడ్డారు. "రండి, రండి. తమరి సూచనలను ఈ కార్యాలయం పూర్తిగా అమలు చేస్తున్నది. సెల్‌ఫోను ఫోటోలు, స్టూడియో ఫోటోలు ఇకమీదట ఆమోదయోగ్యం కావు. వధూవరులు మా ఆవరణలో, మా డబ్బా ముందు, మా బెంచీ మీద కూర్చోవలెను. ఫోటోలో ఎవరు కనబడితే వారే హాజరైనట్టు. కనబడనివారు హాజరు కానట్టు."

ఆవరణలో ఎండకు ఎదురుగా బెంచీ వేశారు. ఎదురుగా రాతిస్తంభానికి బిస్కెట్ డబ్బా కట్టి ఉంది. ఒక సినిమా పాట అయిపోయేంతసేపు కదలకుండా ఉంటే చాలన్నారు. వెనక అరుగు మీద సత్తిబాబు స్టూలేసుకుని కూర్చుని, గోడకు తల ఆనించి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతున్నాడు.

పద్మనాభం గారు స్వయంగా టేపు ఎత్తారు. మంజీర ఊపిరి బిగబట్టింది. ఆవరణలో తిరుగుతున్న కోడిపెట్ట ఒకటి వచ్చి కిరీటి కొత్త చెప్పును ముక్కుతో పొడిచి పరీక్షించింది. కిరీటి పెదాలు కదపకుండా, "పెళ్లికూతురి చెల్లెలు వచ్చింది, చెప్పులు దాచడానికి" అన్నాడు. ఆ తరువాత మంజీర ఎంత ఆపుకుందామన్నా నవ్వు ఆగలేదు. ఆమె నవ్వుతుంటే అతను నవ్వాడు. ఆ పాట కాలమంతా బెంచీ ఊగుతూనే ఉంది.

సాయంత్రానికి ఫోటో ఆరింది. బెంచీ అద్భుతంగా వచ్చింది, చెక్కలో మేకులు సైతం లెక్కపెట్టవచ్చు. బెంచీ మీద రెండు పొగమంచు ముద్దలున్నాయి. వెనకాల సత్తిబాబు మాత్రం చొక్కా గుండీలతో సహా కనబడ్డాడు.

"తమరు రాలేదు" అన్నారు పద్మనాభం గారు.

"వచ్చామండి. ఇప్పుడు కూడా మీ ముందే నిలబడ్డాం."

"నా ముందు నిలబడటం సాక్ష్యం కాదమ్మా. నేను మనిషిని. పొరపడతాను."

"మరి సత్తిబాబు గారు..."

"ఆయన వచ్చాడు. స్పష్టంగా వచ్చాడు." ఆయన కొంచెం ఇబ్బందిగా గొంతు సవరించుకున్నారు. "నిబంధన ప్రకారం వరుడి స్థానంలో ఆయన పేరు రాయవలసి ఉంటుంది. పరిచయస్తులు కదా అని ఆపాను."

మంగళవారం వాళ్లు మళ్లీ వెళ్లేసరికి కార్యాలయంలో ఒక గొంతు ఖంగుమంటోంది. సత్తిబాబు భార్య శేషారత్నం నడుముకు కొంగు బిగించి బల్ల ముందు నిలబడి ఉంది. ఈ పద్ధతి వచ్చిన దగ్గర్నుంచీ నమోదైన పెళ్లిళ్లలో చాలావాటిలో వధువు పక్కన తేటగా పడ్డ పురుషుడు సత్తిబాబేనని ఊళ్లో తెలిసిపోయింది. అలాంటి పత్రం ఒకటి అందుకున్న పెళ్లికొడుకు తిన్నగా వాళ్లింటికే వచ్చి, తన భార్యను తనకు రాసిచ్చేయమని అడిగాడట.

"మా ఆయనకి ఎన్ని పెళ్లిళ్లు చేశారో చెప్పండి బాబూ, ఎంతమందికి వండాలో చూసుకుంటాను" అంది శేషారత్నం.

"ఇది కార్యాలయ పరిభాషలో వరుడు అనడం మాత్రమే తల్లీ. వ్యక్తిగతంగా తీసుకోవద్దు."

"ఇంట్లో మంచినీళ్ల గ్లాసు అందుకోడండి ఈ మనిషి. ఈయనకి పరిభాషలో పెళ్లాలా? ఏం మావా, మాట్టాడవేం?"

సత్తిబాబు నిద్రమొహంతో, "నేనేం చేశానే. కూచున్నానంతే" అన్నాడు.

"అదే కదా నువ్వు చేసేది."

పద్మనాభం గారు ఆలోచించి రెండు ఉత్తర్వులు వేశారు. ఒకటి, ఫోటో తీయుచున్నంతసేపు సత్తిబాబు ఆవరణలో కదులుతూ ఉండవలెను. ఆ మాట విన్న సత్తిబాబు స్టూలును గుండెలకు హత్తుకున్నాడు. ఆయన సర్వీసు మొత్తంలో ఇలాంటిది ఎవరూ అడగలేదు. రెండోది, ఫోటోల్లో మసక పోవాలి గనుక, బెజ్జం ఎంత చిన్నదైతే అంత తేట గనుక, ఇప్పుడున్న సూదికి బదులు పూసలు గుచ్చే సన్నసూది వాడవలెను.

మంజీర గాభరాపడింది. "సార్, మసక వచ్చింది బెజ్జం వల్ల కాదండి, మేం కదలడం వల్ల. బెజ్జం సగం చేస్తే నాలుగింతలసేపు కూర్చోవాలి. ఇంకా కదులుతారు. పైగా ఈ డబ్బా లోతుకు మామూలు సూది సరిగ్గా సరిపోతుంది. మరీ చిన్నది చేస్తే బొమ్మ పాడవుతుందని రెండో వైపు రాశాను."

"ఈ కార్యాలయానికి రెండో వైపు అందలేదమ్మా."

"నేను ఇప్పుడే తెచ్చిస్తానండి."

"తేవచ్చు. కానీ మొదటి వైపు ఆధారంగా ఉత్తర్వు వచ్చేసింది. ఉత్తర్వు వచ్చాక రెండో వైపు వస్తే దాన్ని సవరణ అంటారు. సవరణ ఇవ్వాలంటే మొదటి వైపు తప్పని మీరు రాసివ్వాలి."

"తప్పు కాదండి, సగం."

"సగం అనే గడి లేదు."

ఈసారి ఒక వ్రతకథ చెప్పుకునేంతసేపు కూర్చోవాలి. "గట్టి ఆధారానికి కట్టాలి" అన్న సూచనను కూడా కార్యాలయం మరోసారి శ్రద్ధగా చదివింది. కెమెరాను కట్టినంత మాత్రాన ఏం లాభం, కదిలేది వధూవరులైతే? సత్తిబాబు కొబ్బరితాడు తెచ్చి ఇద్దరినీ చెరో స్తంభానికి కట్టాడు. "బిగుసుకుందా అమ్మాయ్?" అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. తరువాత నియమం ప్రకారం అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు, బెల్లం ముంత మోస్తున్న చీమలా నెమ్మదిగా, విచారంగా.

మెడ కిందివరకూ ఎవరూ కదలలేదు. కదలడానికి లేదు. కానీ కథ సగంలోకి వచ్చేసరికి కిరీటి, "మంజీ, ముక్కు దురద" అన్నాడు దీనంగా. "ఊదుకో" అంది మంజీర. అతను కింది పెదవి ముందుకు పెట్టి ముక్కు మీదికి ఊదుకున్నాడు. పెళ్లికొడుకు తలపాగా కుచ్చు లేచి పడింది. మళ్లీ ఊదాడు, మళ్లీ లేచింది. ఇక అంతే.

బుధవారం ఫలితం చూస్తే ఇద్దరూ భుజాలవరకూ చెక్కినట్టున్నారు. పట్టుచీర అంచులో నెమళ్లున్నాయి. కిరీటి కండువా మడతలున్నాయి. మెడల పైన మాత్రం రెండు మబ్బు తునకలు.

పద్మనాభం గారు భూతద్దం పెట్టి చూసి తృప్తిగా తల ఊపారు. "గణనీయమైన పురోగతి. మెడ వరకూ ఆమోదించగలను."

"మెడ వరకూ అంటేనండీ?" అన్నాడు కిరీటి.

"మంగళసూత్రం మెడలోనే ఉన్నది గనుక, అక్కడివరకూ వివాహం జరిగినట్టే. ఆ పైన విచారణలో ఉన్నట్టు రాస్తాను."

"కౌన్సెలింగులో అది చెల్లుతుందాండి?"

"మెడ వరకూ బదిలీ చేస్తారేమో కనుక్కోండి."

అప్పటికి మంజీర కళ్లు చీకటికి అలవాటుపడి, తను ఎక్కడ నిలబడిందో చూసుకుంది. ముందురోజు మామూలుగా ఉన్న కార్యాలయం ఇప్పుడు లోపలంతా నల్లగా ఉంది. గోడలు నలుపు, కప్పు నలుపు, బీరువాలు నలుపు. కిటికీలకు నల్లకాగితం అంటించి అంచులు మైనంతో మూశారు. నడిమధ్య ఒకే ఒక ఎర్రబల్బు వేలాడుతోంది. కొత్తగా వేసిన రంగు వాసనకు కళ్లు మండుతున్నాయి.

"ఇదేమిటండీ?"

"లోపలంతా నల్లరంగు వేయాలి, దొంగ వెలుతురు రాకూడదు. తమరి రెండో సూచన, మూడో సూచన."

"అది డబ్బా లోపలండి."

"డబ్బా ఎక్కడుంటుంది? కార్యాలయంలో. డబ్బాకే అంత జాగ్రత్త అవసరమైతే డబ్బాను ఉంచుకునే చోటికి ఎంత జాగ్రత్త కావాలి?"

ఈ ఏర్పాటు వల్ల ఒక మేలు కూడా జరిగిందని చెప్పాలి. ఫైళ్ల మీద ఎర్రసిరాతో రాసే అభ్యంతరాలు ఎర్రవెలుగులో కనబడవు. ఆ ఒక్క పూటలో ఏళ్లనాటి ఫైళ్లు ఎన్నో గడప దాటి వెళ్లిపోయాయి. మధ్యాహ్నానికి ఈ సంగతి పసిగట్టి, అభ్యంతరాలన్నీ నీలిసిరాతో రాయాలని ఆజ్ఞ వేశాక పరిస్థితి అదుపులోకి వచ్చింది.

ఆ మధ్యాహ్నమే జిల్లా రిజిస్ట్రార్ కాత్యాయని గారు తనిఖీకి వచ్చారు. నల్లగోడలు చూసి మెచ్చుకున్నారు, కానీ పై అధికారి అన్నాక ఒక లోపం పట్టుకోవాలి గదా. "కార్యాలయమే చీకటిపెట్టె అయినప్పుడు లోపల ఇంకో డబ్బా ఎందుకు? ఇది ద్వంద్వ వ్యవస్థ. తలుపుకే బెజ్జం పెట్టండి."

తలుపులో చెక్క కోసి, రేకు బిగించి, సీలతో పొడిచారు. ఎర్రబల్బు ఆర్పారు. ఎదురుగోడకు కట్టిన తెల్లటి గుడ్డ మీద బయటి ఆవరణంతా పరుచుకుంది. కొబ్బరిచెట్లు పైనుంచి వేలాడుతున్నాయి. ఆకాశం కింద నీలంగా మడుగు కట్టింది. కోడిపెట్ట కప్పును పట్టుకుని నడుస్తోంది. బయట వరుసలో ఉన్న జనం తలకిందులుగా, రంగురంగుల్లో కదులుతున్నారు. వాళ్లలో కిరీటి ఉన్నాడు. అతనికి లోపలినుంచి ఎవరో చూస్తున్నారని తెలియదు. జేబులోంచి దువ్వెన తీసి, చెదిరిన జుట్టును శ్రద్ధగా దువ్వుకుంటున్నాడు, భార్య ముందు బాగా కనబడాలని. మంజీరకు ఆ క్షణాన తనిఖీ, తాళ్లు, కౌన్సెలింగు అన్నీ మరుపుకొచ్చాయి. ఆ గుడ్డను అలాగే మడిచి ఇంటికి తీసుకుపోతే ఎంత బాగుండుననిపించింది.

"ప్రజలు తలకిందులుగా ఎందుకున్నారు?" అన్నారు కాత్యాయని గారు.

"ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నారు మేడం" అన్నారు పద్మనాభం గారు, తడుముకోకుండా.

"ఫోటో ఇలాగే అతికిస్తే పత్రం మీద దంపతులు తలకిందులుగా ఉంటారు కదా."

మంజీర ఆగలేక, "కాగితం తిప్పితే సరిపోతుందండి" అంది.

పద్మనాభం గారు చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు. "సరిపోతుందమ్మా. కానీ కార్యాలయంలో తయారైన సాక్ష్యాన్ని తలకిందులు చేసే అధికారం సబ్ రిజిస్ట్రారుకు లేదు. జిల్లా కార్యాలయానికి పంపాలి. అక్కడ తిప్పి, తిప్పినట్టు సంతకం చేసి, తిరిగి పంపుతారు."

"ఎన్నాళ్లు పడుతుందండీ?"

"తిప్పడం క్షణం పని. పంపడం రెండు వారాలు."

కాత్యాయని గారు వెళ్తూ వెళ్తూ సీల బెజ్జం మరీ పెద్దదిగా ఉందనీ, ప్రమాణాలు పడిపోకూడదనీ, రేపటికల్లా వెంట్రుక దూరేంత చేయాలనీ చెప్పి జీపెక్కారు. వెంట్రుక బెజ్జానికి ఆఫీసు తెరిచినప్పటినుంచి భోజనాలవేళదాకా కూర్చోవాలని పద్మనాభం గారు లెక్కగట్టారు.

ఇంటికొచ్చి మంజీర వంటింటి గుమ్మంలో కూలబడింది. రేపు గురువారం. పూటంతా రాయిలా కూర్చున్నా ఆ బెజ్జంలో వచ్చేది మసకే. మసక రాకపోయినా రెండు వారాలు తిప్పుడు. ఎల్లుండి కౌన్సెలింగు. ఆదివారం రాత్రి కిరీటి రైలెక్కాలి.

"నిజం చెప్పి రెండుసార్లు చూశాను" అంది. "నా నిజాన్నే నా నెత్తిన కొడుతున్నారు."

కిరీటి పక్కన కూర్చుని పెసలు ఏరుతున్నాడు. "వాళ్లకి నిజం అక్కర్లేదు మంజీ, నియమం కావాలి. నియమం ఎటు పోతోందో అటే ఇంకొంచెం తోసి చూడు."

మంజీర మొహంలో, ప్రయోగశాలలో ఏదో తట్టినప్పుడు వచ్చే వెలుగు వచ్చింది. వెంటనే ఆరిపోయింది కూడా. "అలా చెబితే నేను ఫిజిక్స్ లెక్చరర్ని ఎలా అవుతాను కిరీటీ? సోమవారం పిల్లల మొహం ఎలా చూడను?"

"సోమవారం పిల్లలకి ఉన్నదున్నట్టు చెప్పు. మంచి పాఠం. ఏం, వద్దంటే వద్దు. ఏడాదే కదా, రైళ్లు బాగానే నడుస్తున్నాయి."

అతను తేలిగ్గానే అన్నాడు గానీ, ఏరిన పెసలన్నీ మళ్లీ రాళ్లలో పోశాడు. అది చూసి మంజీర నిశ్చయించుకుంది.

గురువారం పొద్దున్న ఎర్రవెలుగులో పద్మనాభం గారి ముందు కూర్చుని, వినయంగా మొదలుపెట్టింది. "సార్, వెంట్రుక బెజ్జం కూడా పెద్దదేనేమోనండి."

పద్మనాభం గారి కుర్చీ కిర్రుమంది. "ఇంకా చిన్నది చేయవచ్చంటారా?"

"ఎంత చిన్నదైతే అంత తేట అని మీ ఉత్తర్వులోనే ఉంది కదండి. అన్నిటికన్నా చిన్నది చేస్తే అన్నిటికన్నా తేటగా రావాలి."

"అన్నిటికన్నా చిన్నదంటే ఎంత?"

"రేకును పొడవకపోవడమండి."

ఆయన లేచారు. ఆ నల్లగదిలో చేతులు వెనక్కి కట్టుకుని ఆ గోడనుంచి ఈ గోడదాకా నడిచారు. బీరువా కనబడక ఒకసారి దాన్ని ఢీకొన్నారు. "ఇంత తేలికైన సంగతి జిల్లా మొత్తంలో ఎవరికీ తట్టలేదు" అన్నారు, మోకాలు రుద్దుకుంటూ. "అసలు బెజ్జమే మొదటి దొంగ వెలుతురు. మనం దాన్ని వదిలేసి కిటికీలు మూస్తున్నాం. పొడవని రేకులు మన దగ్గర కావలసినన్ని ఉన్నాయమ్మా. అదృష్టం."

"ఉన్నాయండి" అంది మంజీర. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నేల చూసింది. అదీ నల్లగానే ఉంది.

పది గంటలకు తలుపుకు కొత్త రేకు బిగించారు. సత్తిబాబు ఇద్దరినీ స్తంభాలకు కట్టాడు. లోపలినుంచి పద్మనాభం గారి గొంతు గంభీరంగా వినబడింది. "మొదలైంది. భోజనాలవేళదాకా ఎవరూ కదలరాదు. సత్తిబాబు, నువ్వు కదులుతూ ఉండు."

తలుపు మూసి ఉంది. రేకు ఎండకు తళతళమంటోంది. కొంచెంసేపటికి కిరీటి, "మంజీ, లోపలివాళ్లకు మనం కనబడతామా?" అన్నాడు.

"ఎలా కనబడతాం?"

"అయితే తాడు వదులుగానే ఉంది."

మంజీర మెడ తిప్పి చూసింది. అటూ ఇటూ నడుస్తున్న సత్తిబాబు ఆమె దగ్గరికొచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. ఇయ్యాళ నేను కూచుంటే పడతానా?"

"పడరు బాబాయ్. హాయిగా కూర్చోండి. పడుకోండి కూడా."

సత్తిబాబు ఆమెను దీవించినంత పనిచేసి, మొదట వాళ్ల ముళ్లు విప్పి, ఆ తరువాత స్టూలు తెచ్చుకున్నాడు.

రోడ్డుకు అవతల బండి మీద అప్పుడే పునుగులు దింపుతున్నారు. పట్టుబట్టల్లో వచ్చిన జంటను చూసి బండి ఆయన, "పెళ్లి ఇయ్యాళేనాండి?" అన్నాడు. "ఇప్పుడే జరుగుతోందండి, మధ్యలో వచ్చాం" అన్నాడు కిరీటి. విస్తరాకు ముక్కలో వేడి పునుగులు, అల్లం చట్నీ. మంజీరకు నాలుక కాలింది. కిరీటి ఆమె విస్తరికి ఊదాడు, తన ముక్కుకు ఊదుకున్నట్టే. ఆ పూటంతా బండి పక్కన అరుగు మీద కూర్చుని, ఇల్లు ఎక్కడ తీసుకోవాలో, వరండాలో ఏ మొక్క పెట్టాలో, ఏ గోడకు ఏ రంగు వేయకూడదో మాట్లాడుకున్నారు. రోడ్డు అవతల, మూసిన తలుపు వెనక, ప్రభుత్వం వాళ్ల పెళ్లిని నమోదు చేస్తూనే ఉంది.

భోజనాలవేళకు వెళ్లి మళ్లీ స్తంభాలకు ఆనుకుని నిలబడ్డారు. వెలుగు సోకని తెల్లకాగితం నుంచి సాయంత్రం ప్రింటు వచ్చింది. మూలనుంచి మూలదాకా నిగనిగలాడే నలుపు. పద్మనాభం గారు భూతద్దంతో దాన్ని నాలుగు వైపులా పరిశీలించి, నియమాల వరుసన పైకి చదివారు.

"మసక లేదు. దొంగ వెలుతురు లేదు. కదలిక లేదు. సత్తిబాబు లేడు." కాగితాన్ని ఒకసారి తలకిందులు చేయబోయి ఆగారు. ఆయన మొహం వికసించింది. "ఎటు తిప్పినా ఇంతే. జిల్లాకు పంపనక్కర్లేదు. అమ్మా, నా సర్వీసులో ఇంత లోపం లేని దస్తావేజు చూడలేదు."

ఫోటో అతికించి, అంచు మీద ముద్ర కొట్టి, సంతకం చేసి రెండు చేతులా అందించారు. ముద్ర నల్లసిరాది కావడంతో సగం ఫోటోలో కలిసిపోయింది.

శుక్రవారం కౌన్సెలింగు హాలులో జనం కిటకిటలాడుతున్నారు. వాళ్ల వంతు వచ్చింది. బల్ల వెనక ఉన్న అధికారి కళ్లజోడు సర్దుకుని పత్రం అందుకున్నాడు. సంతకం చూశాడు. ముద్ర చూశాడు. ఆ తరువాత ఫోటో దగ్గర ఆగాడు.

ఫోటోకేసి చూశాడు. తలెత్తి మంజీరకేసి చూశాడు. మళ్లీ ఫోటోకేసి. అలా చాలాసేపు. వెనక వరుసలో ఎవరో దగ్గారు. నిజం చెప్పేద్దామా అని మంజీర నోరు తెరవబోయింది.

"ఇందులో మీరెటు?" అన్నాడు అధికారి.

"ఎడమవైపండి" అంది మంజీర. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

అధికారి కిరీటికేసి తిరిగి, నఖశిఖపర్యంతం పరీక్షగా చూసి నొసలు ముడిచాడు. "ఈయన ఇంత పొడుగున్నారు. ఫోటోలో పొట్టిగా పడ్డారే?"

"కూర్చుని తీయించుకున్నామండి" అన్నాడు కిరీటి.

"ఆఁ, అదీ సంగతి" అని అధికారి, పెదరేవు అని రాసి, "తరువాతి వారు" అని పిలిచాడు.